తాడత్త మాట

"ఒరేయ్, కవలల్లో ఒకడివే వచ్చావేంట్రా? రెండోవాణ్ణి ఎక్కడ పారేశావు?"

"వాడికి బూటు కనబడట్లేదంట అత్తా. మంచం కింద దూరాడు."

"దూరితే దూరాడు గానీ, త్వరగా బయటికి రమ్మను. బడి మంచం కింద లేదు."

అత్త ఇంటి మెట్ల మీద కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. తాడత్త మాత్రం నవ్వలేదు. ఎదుటివాళ్ళను నవ్వించి తను మూతి బిగించుకుని ఉండటం ఆమెకు పాత అలవాటు. భుజం మీది తాడు దించి, ఒక కొస నడుముకు చుట్టి ముడి వేసుకుంది. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసుకుంది.

నీలం నైలాను తాడు అది. ఒకప్పుడు ఇస్త్రీ దుకాణంలో బట్టల మూటలు కట్టడానికి వాడేది. దాని పొడవునా పాత బట్టల పీలికలతో కడియాల్లాంటివి కుట్టిపెట్టింది. ఎర్రపూల గుడ్డది వడ్రంగి కవలల్లో పెద్దాడిది, గళ్ళ గుడ్డది చిన్నాడిది, ఆకుపచ్చది కుట్టుపని ఆవిడ కొడుకుది. ఒకరి కడియం ఇంకొకరు పట్టుకున్నారంటే ఆ పూట యుద్ధమే. ఎవరి కడియం వాళ్ళు పట్టుకుని, వరసలో, ఆమె వెనకాల బడిదాకా నడవాలి. బడి వదిలాక మళ్ళీ అలాగే ఇళ్ళకు రావాలి. ఇదే ఆమె ఉద్యోగం. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. పిల్లలు తాడత్త అన్నారు, వాళ్ళను చూసి అమ్మానాన్నలూ తాడత్త అన్నారు, చివరికి కూరగాయల కొట్టువాడు కూడా "తాడత్తా, టమాటాలు బాగున్నాయి" అని కేకేయడం మొదలుపెట్టాడు.

మనిషి పొట్టి, వెడల్పు. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. సగం జీవితం ఇస్త్రీపెట్టె తోస్తే అంతే మరి. కుడి ముంజేతి లోపలివైపు గోధుమరంగు వాతలు. కాళ్ళకు మగవాళ్ళ కాన్వాసు బూట్లు, ఒంటి మీద బడివాళ్ళిచ్చిన నారింజరంగు కోటు. ఆ కోటుకుండే మెరుపు పట్టీలు ఎప్పుడో ఊడిపోయాయి. మెట్టు దిగితే మోకాళ్ళు టక్కుమంటాయి. "అత్తా, నీ కాళ్ళు మాట్లాడుతున్నాయి" అంటారు పిల్లలు. "మాట్లాడటం కాదురా, తిడుతున్నాయి" అంటుందామె.

రెండో కవల ఒక కాలికి నల్లబూటు, ఇంకో కాలికి అక్క చెప్పు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వాడి కాళ్ళకేసి చూసి కుట్టుపని ఆవిడ కొడుకు, "ఎందుకు?" అన్నాడు. వాడికి ఆ మాట లేకుండా ముద్ద దిగదు. అందుకే వాడి పేరే ‘ఎందుకు’ అయిపోయింది.

అందరికంటే చివర బేకరీలో పనిచేసే ఆవిడ, తన కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. తెల్లవారకముందే పనికి వెళ్ళి, కూతుర్ని పంపడానికి మధ్యలో ఒకసారి వస్తుంది. జుట్టు మీద, కనుబొమల మీద పిండి. ఆ పిల్ల ఈ ఏడే బడిలో చేరింది. దానికోసం తాడత్త పసుపుపచ్చ కడియం కుట్టి, దాని మీద పువ్వు కూడా దిద్దింది. ఆ పిల్ల దాన్ని ఒక్కనాడు ముట్టుకుంటే ఒట్టు. వచ్చిన మొదటిరోజే తాడత్త చూపుడువేలు గుప్పిట్లో బిగించింది, ఇక అంతే. పిడికిలి అని పేరు పెట్టారు. బడి చేరేసరికి ఆ వేలు తిమ్మిరెక్కేది. తాడత్త ఎప్పుడూ విడిపించుకోలేదు.

"అత్తా, కొత్త దారి ఇవాళే తెరిచారంటగా" అంది బేకరీ ఆవిడ.

"ఊఁ. పొద్దున్నే అడ్డం పెట్టిన రేకులు తీసేశారు."

"బాగా చూడు అత్తా. సాయంత్రం అందరం మీ ఇంటికొస్తాం. ఇంజినీరు గారు కూడా వస్తారంట. నువ్వు సరేనంటే రేపట్నుంచి వీళ్ళంతట వీళ్ళే వెళ్తారు. వద్దంటే వద్దు. మాకు నీ మాటే."

తాడత్త తలూపింది. వేలు పిడికిలి చేతికి ఇచ్చి, "పదండ్రా" అంది.

నీ మాటే. అక్కడే వచ్చింది చిక్కంతా. దారి వేయించిన ఇంజినీరు పోయిన వారమే వచ్చి, ఏమీ దాచకుండా చెప్పాడు. "చూడండమ్మా, ఇన్నాళ్ళూ తాడు కోసం, మీ జీతానికి ఇచ్చిన నిధులు ఇకమీదట దారి దీపాలకీ మరమ్మతులకీ పోతాయి. రెండింటికీ ఇవ్వరు. కానీ పిల్లలింకా అలవాటు పడలేదు, ఇంకో ఏడాది తాడు కావాలి అని మీరంటే, పొడిగించమని నేనే రాస్తాను. మిమ్మల్ని మించి ఎవరికి తెలుస్తుంది?" మంచి మనిషి. మంచివాడు కావడమే వచ్చిన తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేది.

ఇంకో ఏడాది చూద్దాం. ఇంతే కదా మాట. ఎవరూ కాదనరు. ఆ మాట వారం రోజులుగా ఆమె నాలుక చివర కూర్చుని కాళ్ళూపుతోంది.

ఇంతకీ ఆ దారి కోసం కాళ్ళరిగేలా తిరిగిందెవరనుకున్నారు? ఈవిడే.

అప్పట్లో ఆమె పెద్దరోడ్డు అంచున ఉన్న ఇస్త్రీ దుకాణంలో పనిచేసేది. కిటికీ దగ్గర బల్ల. ఇళ్ళన్నీ రోడ్డుకి ఇటు, బడి అటు. పిల్లలు సంచులు వీపుకి బిగించుకుని, లారీల మధ్య సందు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసి, ఒక్కసారిగా పరుగు తీసేవాళ్ళు. ఆ పరుగు చూసినప్పుడల్లా ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయేది. ఒకరోజు లారీ బ్రేకు కీచుమంది. ఒక పిల్ల చెప్పు టైరు కిందికి పోయింది, పిల్ల ఇవతల పడింది. తాడత్త ఇస్త్రీపెట్టె ఎవరిదో గళ్ళచొక్కా మీదే వదిలేసి పరుగెత్తింది. పిల్లకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. చొక్కాకి మాత్రం వీపు మధ్యలో ఇంత బొక్క పడింది. దుకాణం యజమాని ఒంటికాలి మీద లేచాడు. మర్నాటి నుంచి ఆమె బడివేళకి బల్ల వదిలేసి, పిల్లల్ని చేతులు పట్టి దాటించడం మొదలుపెట్టింది. చేతులు రెండే, పిల్లలు ఎక్కువయ్యారు. అప్పుడు మూటలు కట్టే తాడు తీసింది. మొదటి కడియం ఆ మాడిన చొక్కాతోనే కుట్టింది. కొన్నాళ్ళకి బడివాళ్ళు అదే పనిని ఆమెకి ఉద్యోగంగా ఇచ్చారు.

ఆ తర్వాత దారి కోసం తిరగడం. కాలిబాట వెయ్యండి, సైకిలు వెళ్ళే పిల్లలకి ఇంత చోటు చూపండి, దాటే దగ్గర ఒక దీపం పెట్టండి అని ఆమే ముందు నడిచి, నలుగురు తల్లుల్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒకసారి నిధులు లేవన్నారు. ఒకసారి నిధులొచ్చాయి గానీ మీ వైపుకి కాదన్నారు. ఇంకోసారి వచ్చిన నిధులతో నడివీధిలో నీళ్ళు చిమ్మే బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ ఒక్క వారం చిమ్మి ఊరుకుంది. చివరికి ఈ ఇంజినీరు వచ్చి, "మీతోపాటు నేనూ ఒక పూట నడుస్తా" అన్నాడు. తాడు చివర ఖాళీ కడియం పట్టుకుని బుద్ధిగా నడిచాడు. కట్టె డిపో పక్కన మురుగుకాలవ మీద పిల్లలందరూ ఎగిరి దూకితే, ఆయన బూటు తిన్నగా అందులోకి దిగింది. ఇప్పటి ‘ఎందుకు’ వాళ్ళ అన్న అప్పుడు తాడు మీద ఉండేవాడు; వాళ్ళది వంశమే అంత. "ఎందుకు దిగారు సార్?" అని అడిగాడు. ఇంజినీరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకే ఆమెకి ఆయన మీద గురి కుదిరింది. అప్పటికీ నిధులు రావడానికి ఏళ్ళు పట్టింది, అది వేరే సంగతి.

దారి బాగుంది. అది ఒప్పుకోవాలి. రోడ్డు కంటే ఎత్తుగా కాలిబాట, దాని పక్కన సైకిళ్ళకు ఆకుపచ్చ రంగు వేసిన బాట, రెండింటినీ లారీల నుంచి వేరుచేస్తూ ఇనపకంచె. పెద్దరోడ్డు దగ్గర స్తంభానికి బొత్తాం. నొక్కితే కాసేపటికి ఎర్రమనిషి పోయి పచ్చమనిషి వస్తాడు, బండ్లన్నీ ఆగుతాయి.

"పచ్చమనిషి ఎందుకు నడుస్తున్నాడత్తా?"

"వాడికీ బడుంది. నడు."

రోడ్డు దాటారు. కట్టె డిపో గోడ వెంట నడిచారు. తడి కట్టెల వాసన వస్తోంది. కాలవ ఉన్న చోటు వచ్చింది. ఇప్పుడక్కడ కాలవ లేదు, గొట్టాల్లో పెట్టి పూడ్చేశారు, పైన నున్నటి పలకలు. ఇన్నేళ్ళూ అక్కడికి రాగానే "ఎగరండ్రా, హుప్!" అని అరిచేది. ఇవాళ అరవలేదు. అయినా ఆమె మోకాలు దానంతట అదే పైకి లేచింది. వెనకాల తాడు కూడా లేచింది. కవలలు ఎగిరారు, ‘ఎందుకు’ ఎగిరాడు, పిడికిలి ఆమె వేలు పట్టుకుని రెండు కాళ్ళూ ముడిచి ఎగిరింది. చదునైన పలకల మీద, ఏమీ లేని చోట, వరసంతా కప్పల్లా దూకింది. పక్కన సైకిలు మీద పోతున్న పెద్దాయన ఆగి మరీ చూశాడు.

ఒక్క క్షణం అందరూ మొహాలు చూసుకున్నారు. ఆపైన నవ్వులే నవ్వులు. చిన్న కవల నేలమీద కూర్చుండిపోయాడు. తాడత్త కూడా మూతి బిగించుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే ఆమెకి ఒక సంగతి తట్టింది, తట్టగానే లోపల సంబరమేసింది. చూశారా, పిల్లలింకా అలవాటు పడలేదు. కాలవ లేకపోయినా దూకుతున్నారు. ఇలాంటి వాళ్ళని ఒంటరిగా ఎలా పంపడం? సాయంత్రం ఈ మాటే చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు.

బడి గేటు దగ్గర వేలు విడిపించుకుని, పిడికిలి రిబ్బను సరిచేసి లోపలికి పంపింది. పిల్లలు వెళ్ళాక తాడు తేలికైపోతుంది. రోజూ అంతే. తేలికైన తాడు చుట్టచుట్టి భుజాన వేసుకుని నడిచే ఆ తిరుగుదారి ఆమెకి ఏనాడూ నచ్చలేదు.

ఇల్లంటే ఒక గది, వంటకి మూల, ముందు మూడు మెట్లు. మెట్ల మీద పొద్దున పిల్లలు రాల్చిన పెన్సిలు పొట్టు ఉంది. ఊడవబోయి ఊరుకుంది. ఉడికిన గుడ్డూ రొట్టే తింది. గోడకి మేకు, మేకుకి తాడు. మంచం ఒకరికి సరిపడా. భర్త లారీ నడిపేవాడు. ఒకసారి లోడుతో వెళ్ళినవాడు ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. "మీ ఆయనెక్కడమ్మా?" అని ఎవరైనా అడిగితే, "లోడు దించుతున్నాడు" అనేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. పిల్లలు కలగలేదు. కలిగే వేళకి ఆయన లోడు దించుతున్నాడు.

పిల్లలు లేరని ఏడ్చిందేమీ లేదు, తాడు నిండా పిల్లలే కదా. కానీ తాడు మీది పిల్లలు ఆరో తరగతికి రాగానే వదిలేస్తారు. వదిలేసిన కొత్తలో "అత్తా" అని చెయ్యూపుతారు. తర్వాత స్నేహితులు పక్కనుంటే సిగ్గుపడి చూడనట్టు పోతారు. ఆ తర్వాత నిజంగానే చూడరు. మొన్నామధ్య దగ్గు తగ్గక ఆసుపత్రికి వెళ్తే, రక్తం తీయడానికి వచ్చిన నర్సు ఆ చెప్పు పోయిన పిల్లే. మోచేతి మీద గీరుకుపోయిన మచ్చ అలాగే ఉంది. తాడత్త గుర్తుపట్టింది, నర్సు గుర్తుపట్టలేదు. "చెయ్యి ఇవ్వండమ్మా" అంది. ఇచ్చింది. నర్సు ఆ చేతిని తన చేతిలో పెట్టుకుని నరం కోసం వేలితో తడిమింది. నేనేనే తల్లీ అందామని నోటిదాకా వచ్చింది, అనలేదు. చెయ్యి పట్టుకుంది కదా, చాలనుకుంది. చాలదని ఇంటికొచ్చాక తెలిసింది.

మధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని బయల్దేరింది. ఊరికే కాళ్ళు సాగదీద్దామని తనకి తనే చెప్పుకుంది గానీ, ఎవరిని నమ్మిస్తుంది? దారిలో లోపం వెతకడానికే వెళ్ళింది. ఒక్కటి దొరికితే చాలు. ఇనపకంచె పట్టుకుని ఊపింది, కదలలేదు. వాననీళ్ళు పోయే జల్లెడ రేకులో బూటు మొన పెట్టి చూసింది, దూరలేదు. దీపస్తంభాలని అరచేత్తో తట్టింది. పెద్దరోడ్డు దగ్గర బొత్తాం నొక్కింది. పచ్చమనిషి వచ్చాడు. అటూ ఇటూ లారీలన్నీ ఆమె ఒక్కదాని కోసం ఆగాయి. డ్రైవర్లు కళ్ళురిమి చూస్తుంటే దాటక తప్పలేదు. ఆ గట్టున ఓ నిమిషం నిలబడింది. అటువైపు కూడా బొత్తాం పనిచేస్తోందో లేదో చూడాలిగా. నొక్కింది. మళ్ళీ లారీలన్నీ ఆగాయి. ఈసారి ఒకాయన హారన్ కూడా కొట్టాడు. కట్టె డిపోకి వెళ్ళాలంటే ఆ గట్టునే ఉండాలని నడిమధ్యలో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

మూడోసారి దాటి, డిపో గోడ దగ్గరికి వచ్చేసరికి దొరికింది. ఒక పలక. కాలు వెయ్యగానే టక్కుమని ఊగింది. ఆమె ఆగిపోయింది. మళ్ళీ తొక్కింది. టక్. గుండె చిన్నపిల్లలా గెంతింది. గొడుగు మూసి, దాని కొనతో పొడిచి చూసింది. ఊగుతోంది, ఎంత ముచ్చటగా ఊగుతోందో!

"ఏంటమ్మా, ఏమన్నా పడిపోయిందా?"

గోడ నీడలో అన్నం తింటున్న తాపీమేస్త్రి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఇది ఊగుతోంది."

"అదొక్కటే మిగిలిందమ్మా. దానికోసమే ఉన్నా." గునపంతో పలక లేపాడు. కింద సిమెంటు పాలు పోసి, పలక దించి, చెక్కసుత్తితో నాలుగు మూలలా తట్టాడు. మట్టం చూశాడు. తడి అంచుని తాపీతో లాగి, చుట్టూ ఇటుకలు పెట్టాడు. "సాయంత్రానికి బిగుస్తుంది. ఇంక ఏనుగెక్కినా కదలదు. మీ మనవలు ఈ దారినే వెళ్తారా?"

"వెళ్తారు."

"హాయిగా పంపించండి."

తాడత్త ఆ మేస్త్రి మొహంలోకి కాసేపు చూసింది. పాపం, ఆయనేం చేస్తాడు. "మంచి పని చేశావు బాబూ" అని చెప్పి, బడి గంటకి ఇంకా వేళ కాకపోయినా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

గంట కొట్టారు. పిల్లలు వచ్చారు, కడియాలు పట్టుకున్నారు. పిడికిలి వేలు పట్టుకుంది. బడిలోంచి పెద్దపిల్లలు సైకిళ్ళ మీద గంటలు మోగించుకుంటూ ఆకుపచ్చ బాట మీద దూసుకుపోయారు. వాళ్ళు కనబడినంతమేరా పిడికిలి అలా చూస్తూనే నడిచింది.

"అత్తా, నేను ముందు నడవనా?"

"ఎందుకు?" అంది తాడత్త.

"అది నా మాట" అన్నాడు వెనకనుంచి ‘ఎందుకు’.

"ఊరికే" అంది పిడికిలి. అని, జవాబు కోసం ఆగకుండా వేలు వదిలేసింది.

తాడత్త వేలు గాలిలో అలాగే ఉండిపోయింది. ఆ వేలికి ఒక్కసారిగా చల్లగా అనిపించింది. "ఇలా రా" అని పిలిస్తే వచ్చేది. పిలవడానికి కారణం కోసం చూసింది. దారిలో ఎవరూ లేరు, ఏమీ లేదు. పిల్ల సంచి ఊపుకుంటూ నాలుగడుగుల ముందు నడుస్తోంది.

డిపో గోడ వచ్చింది. కాలవ ఉన్న చోటు వచ్చింది. తాడత్త వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు ఎగురుతారు, చూడాలి. చిన్న కవల పెద్ద కవలకి ఏదో కథ చెబుతున్నాడు, ‘ఎందుకు’ మధ్యలో అడ్డుపడుతున్నాడు. మాటల్లో పడి అందరూ ఆ చోటు మీంచి మామూలుగా నడిచి వచ్చేశారు. పొద్దున నేలమీద కూర్చుని మరీ నవ్వినవాళ్ళు, ఒక్క పూటలో మర్చిపోయారు. మోకాలు ఎత్తింది ఆమె ఒక్కతే. ఆమెకి ఏడుపొచ్చింది. ఒక పూట కాకపోతే ఒక వారమైనా గుర్తుంచుకోకూడదట్రా అని వాళ్ళని అడగాలనిపించింది. పిల్లల్ని అలాంటివి అడగకూడదు కాబట్టి అడగలేదు.

పెద్దరోడ్డు చేరేసరికి పిడికిలి అప్పటికే స్తంభం దగ్గరుంది. మునివేళ్ళ మీద లేచి బొత్తాం నొక్కింది. గిర్రున వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆగండ్రా! తోసుకోకండి! పచ్చమనిషి రాకుండా ఒక్క కాలు కిందికి దిగిందో, చూడండి!"

అచ్చం తాడత్త గొంతే. అదే కసురు, అదే మూతి బిగింపు. కుడి భుజం కూడా కాస్త కిందికి దించింది. పిల్లలు నవ్వబోయి, ఆ మొహం చూసి ఆగిపోయారు. నిజంగానే ఆగిపోయారు, తాడు సాక్షిగా ఒక్కడూ కదల్లేదు. లారీలు నిలిచాయి. పచ్చమనిషి వచ్చాడు. పిడికిలి కుడికి చూసింది, ఎడమకి చూసింది, మళ్ళీ కుడికి చూసింది. "పదండి" అని ముందు నడిచింది. పిల్లల్ని ముందుకి పోనిచ్చి, అందరికంటే వెనక, నడుముకి తాడు కట్టుకుని, తాడత్త దాటింది.

అవతలి గట్టున నిలబడి ఊపిరి తీసుకుంది. నాలుక చివరి మాట ఇంకా అక్కడే ఉంది గానీ, కాళ్ళూపడం మానేసింది.

సాయంత్రం అందరూ వచ్చారు. వడ్రంగి వచ్చాడు, కుట్టుపని ఆవిడ వచ్చింది, మరో నలుగురైదుగురు. ఇంజినీరు చెప్పులు విప్పి గడప దగ్గరే నిలబడ్డాడు, ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు. బేకరీ ఆవిడ మెట్టు మీద కూర్చుంది. ఆమె భుజం మీద పిడికిలి నిద్రపోతోంది. వేళ్ళు వదులుగా విచ్చుకుని, చెయ్యి వేలాడుతోంది.

"చెప్పండమ్మా. మీరేమంటే అదే" అన్నాడు ఇంజినీరు.

"ఇంకో..." అంది తాడత్త.

అందరూ చూస్తున్నారు. వడ్రంగి ఆమె వైపు కాస్త వంగాడు కూడా. ఇంకో ఏడాది. రేపు పొద్దున మెట్ల మీద కిసకిసలు, తిమ్మిరెక్కే వేలు, పెన్సిలు పొట్టు. మాట పూర్తి చేస్తే అన్నీ ఉంటాయి. దేవుడా, ఎంత కావాలనిపించిందో ఆమెకి. వేలాడుతున్న ఆ చిన్న చేతిని చూసింది. ఆ చెయ్యి ఇవాళ బొత్తాం నొక్కింది.

"ఇంకో మాట లేదు. పంపించండి" అంది. "వెళ్తారు వాళ్ళు. నేను చూశాను."

హమ్మయ్య అన్నారు ఎవరో. వడ్రంగి చప్పట్లు కొట్టబోయి, భార్య మోచేత్తో పొడిస్తే ఆగిపోయాడు. బేకరీ ఆవిడ మాత్రం తాడత్త మొహంలోకే చూస్తోంది.

"పోనీ ఓ రెండు రోజులు మీరు వెనకాల నడవండి, అలవాటయ్యేదాకా" అన్నాడు ఇంజినీరు.

"వద్దు బాబూ. నేను వెనకాల ఉంటే వాళ్ళు వెనక్కి చూస్తూ నడుస్తారు. రోడ్డు మీద వెనక్కి చూస్తూ నడవకూడదు." మేకుకి వేలాడే తాడుకేసి చూసి, "నేనే నేర్పాను వాళ్ళకి" అంది.

అందరూ వెళ్ళేటప్పుడు బేకరీ ఆవిడ వెనకబడి, "అత్తా, అప్పుడప్పుడూ వస్తాం" అంది. "రండి, ఎవరొద్దన్నారు" అంది తాడత్త, మూతి బిగించుకుని.

మర్నాడు పొద్దున అలవాటుగా బూట్లు వేసుకుంది. వేసుకున్నాక గుర్తొచ్చి, విప్పింది. తలుపు ఓరగా వేసి, మంచం మీద కూర్చుంది. వీధిలో మాటలు మొదలయ్యాయి. చిన్న కవల గొంతు, సైకిలు గంట, ‘ఎందుకు’ అడిగే ఎందుకులు. గొంతులు ఇంటి ముందుకి వచ్చాయి. చిన్న కాళ్ళ చప్పుడు మెట్ల మీదికి ఎక్కింది.

"అత్తా! నేను వెళ్తున్నా!"

"వెళ్ళమ్మా" అంది లోపలినుంచి. బయటికి వస్తే మొహం చూపించాలి.

"బూటు పట్టీ నేనే పెట్టుకుంటున్నా!"

"పెట్టుకో."

"త్వరగా రా!" అని కవలల్లో ఎవడో అరిచాడు. "వస్తున్నా!" అంటూ కాళ్ళు టపటపా మెట్లు దిగాయి. మాటలు దూరమయ్యాయి.

తాడత్త తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వాళ్ళు వీధి చివరికి చేరి, పెద్దరోడ్డు స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. ముందు పిడికిలి, నడుం మీద చెయ్యి. ఎవరూ వెనక్కి చూడటం లేదు. అప్పుడు కిందికి చూస్తే, బూటు పట్టీ పెట్టుకుంటూ పక్కన పెట్టి మర్చిపోయినట్టుంది, పిడికిలి నీళ్ళసీసా కనబడింది.

వాళ్ళింకా దాటలేదు. ఒక్క కేక వేస్తే చాలు. లారీల మోతలో వరసంతటికీ వినబడిన గొంతు అది, ఆ మాత్రం దూరం ఒక లెక్కా? నోరు తెరిచింది. బడిలో కుళాయి ఉంది, దాహమేస్తే తాగుతుంది. సీసా లేదని సాయంత్రం తల్లి అడుగుతుంది. ఎక్కడ వదిలానా అని పిల్ల ఆలోచిస్తుంది. ఆలోచిస్తే గుర్తొస్తుంది. గుర్తొస్తే, దీనికోసమైనా రావాలిగా.

తాడత్త నోరు మూసుకుంది. పచ్చమనిషి వచ్చాడు, పిల్లలు దాటారు. ఆమె లోపలికి వెళ్ళి, తలుపు ఈసారి ఓరగా కాక బార్లా తెరిచిపెట్టి, అక్కణ్ణుంచి మెట్టు కనబడేలా కూర్చుంది.

మెట్టు మీద గులాబీరంగు నీళ్ళసీసా, మూత సరిగా బిగించక, పక్కన రాతి మీద కొంచెం తడి.